గిట్టకడియం

"ఒక్క పూటే కదే వకుళా! జన్మంతా తీసేయమన్నానా?" అంది మా తోడికోడలు కనకవల్లక్కయ్య మూడోసారి.

అప్పటికే ఆ మాట కాఫీల దగ్గర మొదలై, ఇడ్లీలు దాటి, వంకాయలు తరిగేదాకా వచ్చింది. బావగారూ అక్కయ్యా ముందురోజు శనివారం సాయంత్రం రాజమండ్రి నుంచి వచ్చారు. గురువారం వాళ్ళ కొత్తింటి గృహప్రవేశం. ఆషాఢం రాకముందే అయిపోవాలని వాళ్ళ తొందర. అదయ్యాక అత్తయ్యగారు అక్కడే ఉండిపోతారు. ఆర్నెల్లు మా దగ్గర, ఆర్నెల్లు వాళ్ళ దగ్గర. మావయ్యగారు పోయినప్పటినుంచీ, అంటే పదేళ్ళుగా అదే ఏర్పాటు. ఈసారి వంతు మారడం గృహప్రవేశంతో కలిసొచ్చింది.

"తీయకూడదక్కయ్యా" అన్నాను.

"ఎందుకు తీయకూడదో మాత్రం చెప్పవు. పీటల మీద మేం కూచుంటాం. పక్కన కుర్చీలో ఆవిడ. వచ్చినవాళ్ళంతా వంగి ఆవిడ కాళ్ళకే దణ్ణం పెడతారు. వంగినవాళ్ళ కళ్ళకి ముందు ఏం కనబడుతుంది చెప్పు? మావయ్యగారు పోయి పదేళ్ళయింది, పెద్దావిడ కాలికి ఇప్పుడు కడియమేవిటమ్మా అని మా వియ్యపురాలు అడిగితే ఏం చెప్పుకోను?"

"ఎద్దులకి పెట్టేదని చెప్పు పెద్దమ్మా. ఇంకేం అడగదు" అంది మా చిన్మయి, ఫోన్లోంచి తలెత్తకుండా.

"నువ్వు నోర్ముయ్యి."

"పోనీ సాక్సు తొడిగితే?" అన్నారు మా ఆయన పేపరు వెనకనుంచి.

"పట్టుచీర కింద సాక్సా? అమ్మని క్రికెట్‌కి పంపుతున్నావా?" అన్నారు బావగారు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వినట్టే ముఖం పెట్టాను.

అత్తయ్యగారు హాల్లో కిటికీ పక్కన కూచుని చింతపండులో గింజలు తీస్తున్నారు. కుడికాలు చిన్నపీట మీద ఉంది. మడమ పైన వేలెడు వెడల్పున బూడిదరంగు కడియం. దాని మీద ఆకుపచ్చ చుక్క వెలిగి ఆరుతోంది. ఆ కాలి గురించే ఇంతమందిమీ పొద్దుటినుంచి మాట్లాడుకుంటున్నాం. ఆవిణ్ణి మాత్రం ఒక్కరూ ఏమీ అడగలేదు. ఆవిడ కూడా తలెత్తలేదు.

ఎందుకు తీయకూడదో నాకు తెలుసు. తెలిసి ఐదు రోజులైంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

*

ఆ కడియం కథ గడ్డివాముల దగ్గర మొదలైంది.

కిందటి కార్తీకంలో తుఫానొచ్చినప్పుడు కోసి పడేసిన వరి పనల మీద మూడు రోజులు నీళ్ళు నిలిచాయి. గింజ పోయినా గడ్డయినా దక్కుతుందని రైతులు దాన్ని ఎండబెట్టి వాములు వేశారు. పైకి పసుప్పచ్చగా బాగానే ఉండేది. లోపలికి చెయ్యి పెడితే నల్లటి బూజు. పుష్యమాసపు చలిలో ఆ గడ్డి తిన్న పశువులు కుంటడం మొదలుపెట్టాయి. ముందు తోక కొస చచ్చుబడేది. తర్వాత చెవుల అంచులు ఎండుటాకుల్లా రాలేవి. ఆఖరికి గిట్టలు. కాలు పట్టుకుని తడుముతూ పోతే సగందాకా వెచ్చగా ఉండి, ఒకచోటి నుంచి రాయిని ముట్టుకున్నట్టు ఉండేది.

నేను పనిచేసే పశు పరిశోధన కేంద్రం కృష్ణ సముద్రంలో కలిసేచోటికి కాస్త ఎగువన ఉంది. ఇరవై రెండేళ్ళుగా అక్కడ నేను చూస్తున్నది ఒక్కటే, పశువు కాళ్ళలో రక్తనాళాలు ఎప్పుడు బిగుస్తాయి, ఎప్పుడు వదులవుతాయి అని. నాళాల గోడల్లో కంటికి కనిపించని గ్రాహకాలుంటాయి. అడ్రినర్జిక్ గ్రాహకాలంటారు. చిన్మయి చిన్నప్పుడు అవేమిటని అడిగితే చెవులని చెప్పాను. అప్పటినుంచీ ఇంట్లో వాటి పేరు చెవులే. చలేసినా భయమేసినా శరీరం రక్తంలోకి ఒక కేక వేస్తుంది. అది విన్న వెంటనే కాళ్ళలో నాళాలు బిగుసుకుంటాయి. గుండెనీ మెదడునీ కాపాడుకోవడానికి శరీరం ముందుగా కొసల్ని వదిలేసుకుంటుంది. బూజులోని విషం ఆ కేకనే నకలు చేస్తుంది. ఆపకుండా చేస్తుంది.

కడియం ఆ చెవుల్ని నిద్రపుచ్చుతుంది. గిట్టకి పైన బిగిస్తే చర్మంలోంచి సన్నటి కంపనం పంపుతూ ఉంటుంది. దానికి పన్నెండు మెట్లు. పన్నెండో మెట్టులో పెడితే చెవులకి ఏ కేకా వినిపించదు. నాళం వదులవుతుంది. రక్తం కొసదాకా వెళుతుంది.

మొదట తొడిగింది బసవయ్య పుల్లెద్దుకి. ఎర్రటి ఒంటి మీద తెల్ల మచ్చలతో, చూస్తే దిష్టి తగిలేలా ఉండేది. ఆరుగంటలు పట్టింది. బసవయ్య ఆ కాలి పక్కనే గొంతుకూచుని, గిట్టని చెంపకి ఆనించుకుని, "కుంపటిలా ఉందమ్మగారూ" అన్నాడు. అని ఏడ్చాడు. మాఘమాసం వెళ్ళేసరికి, కేంద్రంలోని మా పెయ్యతో కలిపి, చుట్టుపక్కల ఊళ్ళలో పంతొమ్మిది పశువులకి తొడిగాం. ఒక్క గిట్ట కూడా పోలేదు.

సరిగ్గా అప్పుడే అత్తయ్యగారి కుడికాలి రెండో వేలు నల్లబడింది. విజయవాడ తీసుకెళ్తే, నాళాలు సన్నబడ్డాయి, ముదిరితే వేళ్ళు తీసేయాల్సి రావచ్చన్నారు. తిరిగొస్తుంటే కారులో అడిగారావిడ. "ఎద్దుకి పనికొచ్చింది నాకు పనికిరాదుటే?"

"మనుషులకి పెట్టడానికి అనుమతి లేదత్తయ్యా" అన్నాను.

ఆవిడ ఇంక అడగలేదు. ఏదీ రెండోసారి అడగరు. పెట్టె సర్దుకుని ఈ ఇంటికీ ఆ ఇంటికీ తిరగడం మొదలయ్యాక అలా అయ్యారు. రెండుచోట్లా గిన్నెలెక్కడుంటాయో అడగకుండా తెలుసుకుంటారు. దుప్పటి చాలకపోతే చీర కప్పుకుంటారు. నాలుగో రోజు సాయంత్రం నేను ఆఫీసునుంచి వచ్చేసరికి వంటింట్లో నేలమీద కూచుని ఉన్నారు. పొయ్యి మీంచి దించిన కుక్కరుకి పాదం ఆనించి, కళ్ళు మూసుకుని. నన్ను చూసి గబుక్కున కాలు వెనక్కి తీసుకుని, "కందిపప్పు ఉడికిందో లేదో చూద్దామనీ" అన్నారు.

మర్నాడు దూడలకి పెట్టే కొలత కడియం ఒకటి సంచిలో వేసుకుని తెచ్చాను. ఏ రిజిస్టర్లోనూ రాయలేదు. ఇంట్లో మాత్రం, పెద్దవాళ్ళకీ వాడొచ్చని ఒప్పుకున్నారన్నాను. మా ఆయన నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నేను చెప్పింది నమ్మడం ఆయనకి అలవాటు. రెండు రోజుల్లో పాదం వెచ్చబడింది. ఉగాదికి వేలు మానింది.

రైతులకి నేను చెప్పిన జాగ్రత్త ఒకటే. కడియానికి నీళ్ళు తగలనివ్వకండి. తడిస్తే కంపనం పంపే లోపలి బిళ్ళ పాడవుతుంది. అత్తయ్యగారి విషయంలో ఆ బాధ లేదు. స్నానానికి వెళ్ళేముందు ఆవిడ కాలికి నేనే ప్లాస్టిక్ కవరు కట్టేదాన్ని.

*

ఏరువాక పున్నమి అయిన నాలుగోనాడు బసవయ్య కేంద్రానికి వచ్చాడు. అతని వెనక పుల్లెద్దు మూడు కాళ్ళ మీద నడుస్తూ వచ్చింది.

"కడియమేది బసవయ్యా?"

అతను తలపాగా విప్పి అందులోంచి తీశాడు. పొడిగుడ్డలో చుట్టి, ఆ గుడ్డ మీద పాలకవరు చుట్టి, పసిపిల్ల మొలతాడులా భద్రంగా దాచాడు.

"పున్నమికి ముందురోజు కడగడానికని తీశానమ్మగారూ. ఏరువాకకి పాత పగ్గం పాత గంటలు అన్నీ తీసేసి, ఒళ్ళు రుద్ది, పసుపు రాసి, కొత్త పగ్గం కడతాం కదండీ. నీళ్ళు తగలకూడదని తవరే సెప్పారు. కాలు ఆరినాక తొడుగుదామనుకున్నాను. మబ్బు పట్టేసింది. మూణ్ణాళ్ళు తెరిపివ్వలేదు. కొట్టం కారతా ఉంది. కాలు ఆరందే!"

"మూడు రోజులూ ఆరలేదా?"

"తుడిస్తే తడి, తుడిస్తే తడి. నిన్న ఎండొచ్చింది. ఆరింది. అప్పుడు తొడగబోతే సల్లగా ఉందండి. నా సెయ్యే సల్లబడిందేమోననుకున్నాను."

మిగతా వాళ్ళు అరగంటకో గంటకో తిరిగి తొడిగేశారు. తడిసినా పట్టించుకోలేదు. వాటికి కాసేపు కాలు చల్లబడి మళ్ళీ వెచ్చబడింది. నా మాట అక్షరాలా విన్నది బసవయ్య ఒక్కడే.

కడియం బిగించి పన్నెండో మెట్టులో పెట్టాను. వేడినీళ్ళ గుడ్డలు కట్టాను. ఇంజక్షన్లు ఇచ్చాను. గిట్ట వెచ్చబడలేదు. మూడోనాటికి గిట్ట పైన కాలి చుట్టూ సన్నటి గీత పడింది. ఆ గీత పడిందంటే కింది భాగం ఇంక శరీరానిది కాదు.

ఇది బూజు విషం పని కాదు. మాఘం నుంచీ అది మంచి గడ్డే తింటోంది. బయట ఎండ మండిపోతోంది. మరెందుకు బిగుసుకున్నాయి నాళాలు? గీత అంచునుంచి గోరంత చర్మం తీసి, రంగు వేసి, సూక్ష్మదర్శిని కింద పెట్టాను. గ్రాహకాలున్నచోట ఆకుపచ్చ చుక్కలు కనిపిస్తాయి. జనవరిలో ఇదే ఎద్దు కాలిలో నేను లెక్కపెట్టినప్పుడు చూపు పడినమేర నలభై. ఇప్పుడు లెక్కపెట్టడానికి వీలులేదు. చిక్కుడుపాదు మీద పేనుబంక పట్టినట్టు నాళం గోడంతా ఆకుపచ్చగా ఉంది.

చెవులు నిద్రపోలేదు. ఐదు నెలలపాటు ఏమీ వినిపించకపోయేసరికి నాళం కొత్త చెవులు మొలిపించుకుంటూ పోయింది. కడియం తీసిన మరుక్షణం అన్నీ ఒక్కసారే విన్నాయి. రోజూ ఉండే మామూలు చప్పుడే వాటికి కేకలా వినిపించింది.

కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాను. పక్క గదిలో అటెండరు ఎవరితోనో ఫోన్లో పందెపుకోళ్ళ గురించి మాట్లాడుతున్నాడు. నాకు ఎద్దు గుర్తురాలేదు. మిగతా పద్ధెనిమిది పశువులూ గుర్తురాలేదు. చిన్నపీట మీద పెట్టుకున్న ఒక పాదం గుర్తొచ్చింది.

*

ఆ రోజు ఇంటికి వెళ్ళేసరికి అత్తయ్యగారు టీవీ చూస్తున్నారు. సౌండు లేదు. చిన్మయి లోపల చదువుకుంటోందని తీసేశారట. నేను పక్కన కూచుని, అలవాటుగా బిళ్ళ చూస్తున్నట్టు వంగి, ఆవిడ పాదాన్ని అరచేతిలోకి తీసుకున్నాను. వెచ్చగా ఉంది. వేళ్ళు మెత్తగా, గులాబీరంగులో, చిన్నపిల్ల కాలిలా ఉన్నాయి. ఆ చర్మం కింద ఎన్ని మొలిచి ఉంటాయో అనుకుంటే నా చేతులు చల్లబడ్డాయి.

"నీ చేతులేవిటే ఇలా ఉన్నాయి?" అన్నారావిడ.

"గిన్నెలు కడిగానత్తయ్యా."

నేను ఇంకా వంటింట్లోకి అడుగే పెట్టలేదు. ఆవిడ నా ముఖంలోకి చూసి, టీవీ వైపు తిరిగారు.

మా ఆయనకి చెప్పాలని మర్నాడు పొద్దున్న నిలబడ్డాను. ఆయన కాలేజీకి బయల్దేరుతూ బండి తుడుచుకుంటున్నారు. "అన్నయ్య వాళ్ళు శనివారం వస్తారట. అమ్మ పెట్టె కింద పెట్టించు" అన్నారు. సరేనన్నాను. ఏమని చెప్పను? మీ అమ్మ కాలికి ఉన్నదాన్ని తీస్తే కాలు పోతుంది, తీయకపోతే జీవితాంతం నేను పదిరోజులకోసారి బిళ్ళ మారుస్తూ ఉండాలి, ఆ బిళ్ళలు మా కేంద్రంలో తప్ప ఎక్కడా దొరకవు, ఈ కడియాల పథకం ఇంకో ఏడాది ఉంటుందో లేదో తెలియదు, అసలు దాన్ని పెట్టడానికి అనుమతే లేదు అనా? వాక్యాలు వరసగానే ఉన్నాయి. మొదటిది నోట్లోంచి రాలేదు.

ఇంట్లో నలుగురం ఉన్నాం. ఆ ఐదు రోజులూ నేను పలకరించినవాళ్ళకి జవాబు చెప్పాను, కూరలో ఉప్పు వేశాను, చిన్మయి యూనిఫారం ఇస్త్రీ చేశాను. బావిలోంచి మాట్లాడుతున్నట్టుండేది.

కేంద్రంలో మాకు సొంతంగా ఒక పెయ్య ఉంది. మాఘం నుంచీ దానికీ కడియం ఉంది. రోజూ ఉదయం ఐదింటికి వెళ్ళి దాని మీద ప్రయత్నం మొదలుపెట్టాను. పన్నెండో మెట్టునుంచి పదకొండుకి దించాను. గంటలో గిట్ట చల్లబడింది. నేలమీద కూచుని రెండు చేతులతో కాలు రుద్దుతూ, కాసేపు నడిపిస్తూ, మళ్ళీ రుద్దుతూ గడిపాను. రెండోనాడు కూడా అంతే. మూడోనాడు మధ్యాహ్నం వెచ్చదనం తిరిగొచ్చింది. కేక కొద్దిగా వినిపించడం మొదలయ్యేసరికి నాళం కొన్ని చెవుల్ని తనే రాల్చేసుకుంది.

అంటే దారి ఉంది. ఒక్కొక్క మెట్టే దిగాలి. కానీ ఎంత ఆగి రెండో మెట్టు దిగాలి? కింది మెట్లలో ఏమవుతుంది? తెలియదు. పశువు నొప్పి దాచుకుంటుంది. కుంటడం మొదలుపెట్టేసరికే పొద్దు దాటిపోయి ఉంటుంది. పెయ్య నావైపు పెద్దపెద్ద కళ్ళతో చూస్తూ నెమరు వేసేది. ఎక్కడే, ఎక్కడ మొదలైందే అని అడిగేదాన్ని. అది నా భుజం నాకేది.

*

ఆదివారం వంకాయకూర పొయ్యి మీద ఉంది. అక్కయ్య కాస్త మెత్తబడి కొబ్బరి తురుముతోంది. ఇంతలో హాల్లోంచి బావగారి గొంతు వినిపించింది.

"ఇందులో బ్రహ్మవిద్యేముందమ్మా, రెండు స్క్రూలు! నలభై ఏళ్ళు కరెంటాఫీసులో చేశాను. తీసి చూసి, నల్ల పెయింటేసి మళ్ళీ బిగించేస్తే సరి. గురువారం ఎవరికీ కనబడదు. ఒరే సీతాపతీ, చిన్న స్క్రూడ్రైవరు ఉందా?"

"ఫ్రిజ్ మీద డబ్బాలో చూడన్నయ్యా" అన్నారు మా ఆయన.

గరిట ఎక్కడ పడేశానో తెలియదు. హాల్లోకి వచ్చేసరికి బావగారు నేలమీద బాసింపట్టు వేసుక్కూచుని, అమ్మ కాలు ఒళ్ళో పెట్టుకుని ఉన్నారు. స్క్రూడ్రైవరు మొన కడియానికి ఆనింది.

నేను నోరు తెరిచేలోపే అత్తయ్యగారు కాలు వెనక్కి లాక్కున్నారు.

"ముట్టుకోకు పురుషోత్తం."

గట్టిగా ఏమీ అనలేదు. బావగారి చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉండిపోయింది.

"అది తీస్తే కాలు పోతుంది" అన్నారావిడ. "బసవయ్య ఎద్దుకి అలాగే పోయింది."

అందరూ నావైపు చూశారు. నేను ఆవిడవైపు చూశాను.

"మీకెలా తెలుసత్తయ్యా?"

"బసవయ్య భార్య నాంచారమ్మ చెప్పింది. మంగళవారం పాలు పోస్తూ ఏడ్చింది. వాళ్ళ పుల్లెద్దు కాలు చుట్టూ గీత పడిందిటగా. కడియం తీశాకే అలా అయిందంది. నువ్వు నాకు చెప్తావని చూశాను."

మంగళవారమే నేను సూక్ష్మదర్శిని ముందు కూచున్నది. ఆ సాయంత్రం నేను ఆవిడ పాదం పట్టుకుని గిన్నెలు కడిగానన్నప్పటికే ఆవిడకి తెలుసు. ఐదు రోజులు ఒకే ఇంట్లో, గోడకి అటొకరం ఇటొకరం, ఒకే భయాన్ని మోస్తూ కూచున్నాం.

నేను సోఫా అంచున కూచుని మొత్తం చెప్పాను. అనుమతి లేదన్నది కూడా చెప్పాను. బసవయ్యకి ఆ జాగ్రత్త చెప్పింది నేనేననీ చెప్పాను. రేపు పై అధికారులకి అంతా రాసిస్తాననీ, పంతొమ్మిదితో పాటు ఇరవయ్యోది కూడా రాస్తాననీ చెప్పాను. చిన్మయి ఫోను పక్కన పెట్టి నాయనమ్మ దగ్గరికెళ్ళి నేలమీద కూచుంది. మా ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. తర్వాత, "అనుమతి ఇచ్చారని నాతో అన్నావు" అన్నారు. అంతే. అదొక్కటే అన్నారు. అరిచినా బాగుండేది.

"ఎద్దుల మీద ప్రయోగాలు చేసుకోక ఈవిడెందుకే దొరికింది నీకు?" అంది అక్కయ్య, కొబ్బరి చేతుల్తోనే వచ్చి. అంతలోనే కళ్ళు తుడుచుకుంది.

"అది నేనడిగానులే కనకం" అన్నారు అత్తయ్యగారు.

వంకాయకూర అడుగంటిన వాసన వచ్చింది. ఎవరూ లేవలేదు. చిన్మయి వెళ్ళి స్టవ్ ఆపొచ్చింది.

*

ఎంత జరిగినా అన్నాలు తినాలి కదా. మాడిన కూర పైపైన తీసి, ఆవకాయ వేసి, అందరం బల్ల చుట్టూ కూచున్నాం. అత్తయ్యగారు మామూలుగా మేమంతా తిన్నాక తింటారు. ఆ రోజు మాత్రం ముందే వచ్చి మా ఆయన పక్క కుర్చీ లాక్కుని కూచున్నారు.

బావగారు కలుపుకున్న ముద్ద కంచంలోనే వదిలేసి, "హైదరాబాదు తీసుకెళ్దాం. పెద్ద డాక్టర్లుంటారు" అన్నారు.

"తీసుకెళ్ళాల్సిందే. కానీ ఇది వాళ్ళెవరూ చూసింది కాదు బావగారూ" అన్నాను. "ప్రస్తుతానికి పెట్టుకునే ఉండాలి. పన్నెండో మెట్టులోనే. నా దగ్గరున్న బిళ్ళలతో..."

"ఎన్నాళ్ళొస్తాయి?" అన్నారు అత్తయ్యగారు.

"మీ ఒక్కరికే అయితే చాలా ఏళ్ళొస్తాయి."

"వాటన్నిటికీ కలిపి అయితే?"

నేను పప్పుగిన్నె ఆవిడ వైపు జరిపాను. కలిపి అయితే ఏడాది.

ఆవిడ అన్నంలో పప్పు కలుపుకున్నారు. "ఆ పెయ్యకి ఒక మెట్టు దించావన్నావు. మళ్ళీ ఎప్పుడు దించుతావు?"

"తెలియదత్తయ్యా. అదేదీ చెప్పదు. కుంటేదాకా నాకు తెలియదు."

"కొత్త చెవులు మొలిచాయన్నావే, ఏమీ వినపడకపోతే" అన్నారావిడ, ముద్ద చేసుకుంటూ. "అవునే. మాటల్లేనిచోట చెవులు పెరుగుతాయి. నా గదిలో కూచుంటే వీధిగేటు తీసిన చప్పుడుకి మీలో ఎవరొచ్చారో చెప్పగలను. రాజమండ్రిలోనూ అంతే. ఎవరు మెట్లెక్కుతున్నారో, నా గదికొస్తారో, పక్కకి వెళ్ళిపోతారో తెలుస్తుంది."

ఆవిడ నింద వేస్తున్నట్టుగా చెప్పలేదు. వాన వచ్చేలా ఉందన్నట్టు చెప్పారు.

పప్పన్నం తిని, మంచినీళ్ళు తాగి, చెయ్యి కంచంలోనే ఉంచి, అప్పుడన్నారు.

"పురుషోత్తం, గృహప్రవేశానికి రావట్లేదు నాన్నా. ఈసారి వంతుకి కూడా రాను. వకుళా, రేపు పొద్దున్న నువ్వు పెయ్య దగ్గరికి వెళ్ళేటప్పుడు నన్నూ తీసుకెళ్ళు. నాది ఒక మెట్టు దించు. నేను ఎప్పుడూ వాటికంటే ఒక మెట్టు ముందే ఉంటాను. తిమ్మిరి ఎక్కడ మొదలైందో, ఎన్నో రోజుకి తగ్గిందో, నొప్పి ఎలాంటిదో నేను చెప్తాను, నువ్వు రాసుకో. నాకు ఫరవాలేదన్న మెట్టుకే వాటిని దించు."

"అత్తయ్యా, మీ కాలూ ఎద్దు కాలూ ఒకటి కాదు. మీకు నాళాలు ముందే సన్నబడ్డాయి. పై మెట్లలోనే బిగుసుకుపోతే..."

"తెలుసు. అందుకే నాకే ముందు తెలుస్తుంది."

"అమ్మా, నీ కాలు పోతే?" అన్నారు మా ఆయన. ఆయన గొంతు చిన్నపిల్లాడిదిలా ఉంది.

"వాటికి కాలుంటేనే బతుకురా. నేను ఎక్కడికెళ్ళాలి? ఆ ఇంటినుంచి ఈ ఇంటికి."

ఆవిడ కొడుకులిద్దరి వంకా ఒకసారి చూసి, కంచం కొద్దిగా ముందుకి జరిపారు.

"ఐదింటికే కదా వెళ్ళేది? నాలుగున్నరకి లేపు. చిన్మయీ, మజ్జిగ ఇటివ్వమ్మా."